తలుపు తెరచిన ఇల్లు

గోదావరి తీరంలోని పాత ఊళ్లలో పెద్ద ఇళ్లకు కొదవ లేదు. వీధి వైపు ఎత్తైన అరుగులు, వాటిపై నగిషీ చెక్కిన కొయ్య స్తంభాలు, లోపల నాలుగు వైపులా పెంకుల వాలు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, వెనుక పెరడు, అందులో నుయ్యి. స్థూలంగా ఇదీ ఆ ఇళ్ల స్వరూపం. ఎగువ మన్యంలో నరికిన టేకు దుంగలను తెప్పలుగా కట్టి, గోదావరి ప్రవాహం మీదుగా రాజమహేంద్రవరం చేర్చేవారు. ఆ కలపతోనే డెల్టా గ్రామాల్లో దూలాలు, ద్వారబంధాలు లేచాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత పంట పెరిగింది. పంటతో పాటు లోగిళ్లూ పెరిగాయి. జమీందారుల దివాణాలు, వర్తకుల మేడలు, పండితుల పెంకుటిళ్లు ఈ నేల మీద ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి.

అయితే ఒక ఇంటికి చరిత్రలో చోటు దక్కడానికి దూలాల బలం చాలదు. ఆ ఇంట్లో ఎవరు పుట్టారు, ఏ ఆలోచన చేశారు, ఆ గుమ్మంలోకి ఎవరిని ఆహ్వానించారు అన్న ప్రశ్నలకు వచ్చే సమాధానమే ఆ ఇంటి విలువను నిర్ణయిస్తుంది. కోనసీమకు వాకిలి వంటి రావులపాలెం నుండి బయలుదేరి, జొన్నాడ వద్ద గౌతమీ పాయను దాటి ఉత్తరంగా సాగితే రాజమహేంద్రవరం వస్తుంది. ఆ నగరంలోని పాత వీధుల్లో అటువంటి ఇల్లు ఒకటి ఉంది. రాజప్రాసాదాలతో పోల్చదగిన వైభవం దానికి లేదు. అయినా ప్రభుత్వ పురావస్తుశాఖ దానిని రక్షిత కట్టడంగా కాపాడుతున్నది. అది కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు. ఒక శీతకాలపు రోజున ఆ ఇంట జరిగిన ఒక పెండ్లి తెలుగుదేశాన్ని కుదిపివేసింది. ఆ ఇంటి కథ తెలుసుకోవడమంటే దాదాపు ఒక యుగం కథ తెలుసుకోవడమే.

కందుకూరి వారి పూర్వులు దక్షిణాంధ్రంలోని కందుకూరు నుండి వలస వచ్చినవారు. ఆ ఊరి పేరే వారికి ఇంటిపేరు అయింది. వీరేశలింగం 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. ఆరు నెలల పసివాడుగా ఉన్నప్పుడే మశూచి సోకింది. బిడ్డ దక్కడం కష్టమని అనుకున్న స్థితి నుండి బయటపడ్డాడు గాని, ఆ తరువాత జీవితమంతా అనారోగ్యం ఆయనను విడువలేదు. నాలుగవ ఏట తండ్రి మరణించారు. పెదతండ్రి వెంకటరత్నంగారు, నాయనమ్మ ఆ బాలుణ్ణి అల్లారుముద్దుగా పెంచారు. పూర్వపు పేరు ప్రతిష్ఠలు నిలిచినా, సిరి మాత్రం క్రమంగా తరిగిపోతున్న కుటుంబం అది.

ఐదవ ఏట వీథిబడిలో చేరిన బాలుడు బాలరామాయణం, అమరం, శతకాలు వల్లించాడు. పన్నెండవ ఏట ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చదువు మొదలైంది. ప్రతి తరగతిలోను అతడే ప్రథముడు. 1861లో, పదమూడవ ఏట, బాపమ్మ అనే ఎనిమిదేండ్ల బాలికతో అతనికి వివాహం జరిగింది. ఆ బాపమ్మే తరువాతి కాలంలో రాజ్యలక్ష్మమ్మగా తెలుగువారి గౌరవాన్ని పొందిన ఇల్లాలు. బాల్యవివాహాలను జీవితాంతం ఎదిరించిన మనిషికి బాల్యంలోనే వివాహం కావడం ఆనాటి సమాజ స్థితికి అద్దం పడుతుంది. ఆచారం నుండి తప్పించుకుని ఎవరూ పెరగలేదు. పెరిగిన తరువాత దానిని ప్రశ్నించినవారు మాత్రం బహు కొద్దిమంది.

ఆ ప్రశ్నించే గుణం వీరేశలింగంలో విద్యార్థి దశలోనే మొలకెత్తింది. వంగదేశపు బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ రచనలు చదివిన తరువాత విగ్రహారాధన మీద, శకునాల మీద, మంత్రతంత్రాల మీద ఆయనకు నమ్మకం సడలింది. దయ్యాల భయం ఇంటింటా రాజ్యమేలుతున్న రోజులవి. ఆ భయం నిరాధారమని ఇతరులకు రుజువు చేయడానికి ఆ యువకుడు అర్ధరాత్రి వేళ శ్మశానానికి వెళ్లి వచ్చేవాడట. ఇది కేవలం సాహసం కోసం చేసిన పని అనుకోరాదు. తాను నమ్మినదాన్ని ముందుగా తన మీదనే పరీక్షించి చూసుకోవడం ఆయన స్వభావం. తరువాతి కాలంలో చేసిన ప్రతి సంస్కరణలోను ఈ లక్షణం కనిపిస్తుంది.

1867లో పెదతండ్రిగారు మరణించడంతో సంసార భారం మీద పడింది. ప్రభుత్వోద్యోగానికి ప్రయత్నిస్తే లంచం ఇవ్వనిదే పని కాదని తెలిసింది. న్యాయవాద వృత్తి చేపడదామంటే, అందులో అసత్యమాడక తప్పదని మనసు వెనుకాడింది. చివరకు ఉపాధ్యాయ వృత్తి తన మనస్సాక్షికి సరిపోతుందని నిర్ణయించుకున్నారు. కోరంగిలో కొంతకాలం, ధవళేశ్వరంలో కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలోనే బాలికల కోసం ఒక పాఠశాల ప్రారంభించారు. ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటే ఇంటికి అరిష్టమని నమ్మే కాలంలో ఆ బడికి పిల్లలను పంపించమని తల్లిదండ్రులను ఒప్పించడమే పెద్ద పని.

అదే 1874లో వివేకవర్ధని అనే పత్రికను స్థాపించారు. మొదట మద్రాసులో అచ్చు వేయించి, తరువాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నారు. న్యాయస్థానాల్లోని లంచగొండితనం, అధికారుల అక్రమాలు, వేశ్యాలోలత, కన్యాశుల్కం, బాల్యవివాహం, మూఢవిశ్వాసం - ఇవన్నీ ఆ పత్రికలో విమర్శకు గురయ్యాయి. సామాన్యులు చదువుకోగలిగిన సరళమైన వచనంలో ఆయన వ్రాశారు. నిజానికి ఆయన మొదటి రచనలు అటువంటివి కావు. పెదవులు తగలని అక్షరాలతో, అచ్చతెలుగు పదాలతో నలచరిత్రను కావ్యంగా కూర్చిన పండితుడాయన. ఆ పాండిత్యాన్ని ఎంతమంది అనుభవించగలరన్న ఆలోచన ఆయనను వచనం వైపు నడిపించింది. పండితుణ్ణి మెప్పించే పద్యం కంటే పామరుణ్ణి మేల్కొలిపే వాక్యం అవసరమైన కాలమని ఆయన గ్రహించారు.

ఆ గ్రహింపు ఫలితంగా తెలుగు గద్యానికి మహోపకారం జరిగింది. రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో వెలువడి, 1880లో గ్రంథరూపం దాల్చింది. రాజమహేంద్రవరం సమీపంలోని ధవళేశ్వరమే ఆ కథకు నెలవు. ఆడంబరానికి, జ్యోతిష్యానికి, స్వర్ణయోగం చేసి చూపుతామనే మోసగాళ్లకు లొంగి ఒక సంపన్న గృహస్థు ఎలా నష్టపోయాడో అది చెబుతుంది. తెలుగులో తొలి నవలలలో ఒకటిగా అది ప్రసిద్ధి పొందింది. 1887లో ఇంగ్లీషులోకి అనువాదమై లండనులో అచ్చయింది. ప్రహసనాలు, నాటకాలు, వ్యాకరణం, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు, ఆంధ్ర కవుల చరిత్రము, చివరకు స్వీయచరిత్రము - ఇలా ఆయన కలం తాకని ప్రక్రియ అరుదు. అందుకే ఆయనను గద్యతిక్కన అని లోకం కొనియాడింది. అయినా ఆయన దృష్టిలో సాహిత్యం ఒక సాధనం. దానిని ప్రయోగించవలసిన ప్రధాన సమస్య వేరే ఉంది. అది బాలవితంతువుల సమస్య.

ఆ సమస్య తీవ్రతను ఈనాటి యువతరం ఊహించడం కష్టం. ఐదారేండ్ల పిల్లలకు పెండ్లిండ్లు జరిగేవి. కన్యాశుల్కానికి ఆశపడి, పండు ముదుసలికి పసిపిల్లను కట్టబెట్టే తండ్రులుండేవారు. వరుడు మరణిస్తే, అతని ముఖమైనా సరిగా ఎరుగని పిల్ల వితంతువు అయ్యేది. యుక్తవయస్సు రాగానే తల వెండ్రుకలు తీయించేవారు. నగలు, పూలు, రంగు చీరలు నిషిద్ధం. ఒంటిపూట భోజనం. శుభకార్యాలలో ఎదురుపడితే అపశకునం. తన పుట్టింటిలోనే తాను పరాయిదై, ఎడతెగని చాకిరితో, ఎవరికీ చెప్పుకోలేని దుఃఖంతో ఆమె బ్రతుకు గడిచిపోయేది. భార్య మరణించిన పురుషుడు నెలలు తిరగకుండా మరొక బాలికను వివాహమాడవచ్చు. ఆ బాలికకు మాత్రం జీవితంలో రెండవ అవకాశం లేదు.

చట్టం ఈ వివాహాలను అడ్డగించలేదు. వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషి ఫలితంగా 1856లోనే వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. కాని చట్టం పుస్తకంలో ఉంటుంది, ఆచారం ఇంట్లో ఉంటుంది. చట్టం వచ్చి పాతికేండ్లు కావస్తున్నా గోదావరి తీరపు ఆచారవంతుల ఇండ్లలో ఒక్క గుమ్మమైనా తెరచుకోలేదు. ఈ స్థితిలో వీరేశలింగం 1879 ఆగస్టులో రాజమహేంద్రవరంలో స్త్రీ పునర్వివాహాన్ని సమర్థిస్తూ బహిరంగంగా ఉపన్యసించారు. పరాశర స్మృతిని ఆధారంగా చూపి, శాస్త్రం సైతం దీనిని నిషేధించలేదని వాదించారు. పట్టణంలోని పండితులు మండిపడ్డారు. ఖండన గ్రంథాలు వెలువడ్డాయి. వీథుల్లో దూషణలు మొదలయ్యాయి. ఆయన ఒక్కొక్క ఆక్షేపణకు సమాధానం వ్రాస్తూ పోయారు. వాదంలో ఆయన కలం ఎంత పదునైనదో, ఒక్కొక్కప్పుడు అంత కటువైనది కూడా. ప్రత్యర్థులను నొప్పించడానికి ఆయన వెనుకాడలేదు.

వాదంలో గెలవడం ఒక ఎత్తు, ఆచరించి చూపడం మరొక ఎత్తు. వివాహానికి ఒప్పుకునే వితంతువు తల్లిదండ్రులు కావాలి. ఆమెను చేపట్టే ధైర్యం గల వరుడు కావాలి. మంత్రాలు చెప్పే పురోహితుడు కావాలి. జరిగిన తరువాత ఆ దంపతులకు నిలువ నీడ, బ్రతుకుతెరువు కావాలి. అన్నిటికీ మించి, ఆ పెండ్లి జరగడానికి ఒక ఇల్లు కావాలి. ఎవరు ఇస్తారు? సభలో చప్పట్లు కొట్టినవారు తమ అరుగు ఇవ్వడానికి జంకుతారు. ఆ ప్రశ్నకు వీరేశలింగం దంపతులు తమ ఇంటి తలుపు తెరచి సమాధానం చెప్పారు.

కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతం నుండి గౌరమ్మ అనే బాలవితంతువును రహస్యంగా రాజమహేంద్రవరం చేర్చారు. గోగులపాటి శ్రీరాములు అనే యువకుడు ఆమెను వివాహమాడడానికి ముందుకు వచ్చాడు. 1881 డిసెంబరు 11వ తేదీన వివాహం నిశ్చయమైంది. సంగతి బయటకు పొక్కగానే పట్టణం అట్టుడికిపోయింది. పెండ్లి జరగనివ్వమని బెదిరింపులు వచ్చాయి. మిత్రులు, విద్యార్థులు ఇంటికి కావలిగా నిలిచారు. రక్షకభటుల సహాయమూ తీసుకోవలసి వచ్చింది. ఆత్మూరి లక్ష్మీనరసింహంగారు, బసవరాజు గవర్రాజుగారు వంటి సహచరులు ఆయన వెంట ఉన్నారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయంతో ఆదుకున్నారు. ఆ రాత్రి కందుకూరి వారి ఇంట మంగళవాద్యాలు మ్రోగాయి. తెలుగునాట సంస్కర్తలు జరిపించిన తొలి వితంతు వివాహం ఆ విధంగా ముగిసింది. నాలుగు దినాలు గడిచేసరికి రెండవ వివాహమూ జరిగింది.

అసలు పరీక్ష మరునాటి నుండి ఆరంభమైంది. పెండ్లికి వెళ్లినవారిని, భోజనం చేసినవారిని సంఘం నుండి వెలివేశారు. పీఠాధిపతుల పేరిట బహిష్కార పత్రాలు వచ్చాయి. నిన్నటిదాకా పక్కన నిలిచినవారిలో కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని వెనుకకు జరిగారు. వారిని పిరికివారని నిందించడం తేలిక. కాని వెలి అంటే ఏమిటో తెలిస్తే వారి భయం అర్థమవుతుంది. వెలి పడిన ఇంటికి పురోహితుడు రాడు. బంధువు రాడు. వాళ్ల ఆడపిల్లకు సంబంధం దొరకదు. పెద్దలు మరణిస్తే పాడె మోసే నలుగురు దొరకరు. అంతటి శిక్షను కత్తి, కారాగారం లేకుండానే సంఘం అమలు చేయగలిగేది.

ఆ శిక్ష తొలి దెబ్బ వంటింటి మీద పడింది. వంటవారు మానివేశారు. నీళ్లు తెచ్చేవారు గుమ్మం తొక్కలేదు. ఇంటినిండా పెండ్లివారు, ఆశ్రయం కోరి వచ్చిన బాలికలు, వారికి కాపలా ఉన్న విద్యార్థులు. వీరందరికీ అన్నం ఎవరు వండాలి? రాజ్యలక్ష్మమ్మ బిందె ఎత్తుకుని గోదావరికి నడిచారు. తానే నీళ్లు మోసి, తానే వండి, తానే వడ్డించారు. రేవుకు వెళ్లే దారిలో తోటి స్త్రీల ఎత్తిపొడుపులు, ముఖం తిప్పుకోవడాలు ఆమె భరించారు. భర్తను విడిచి రమ్మని బంధువులు ఒత్తిడి చేసినా ఆమె కదలలేదు. పంతులుగారి వాదాలు పత్రికల్లో అచ్చయ్యాయి గనుక అందరికీ తెలుస్తాయి. రాజ్యలక్ష్మమ్మ మోసిన బిందెల లెక్క ఏ పత్రికలోను లేదు. ఆ బిందెలు లేకపోతే ఆ ఇంట్లో రెండవ పెండ్లి జరిగేది కాదన్నది మాత్రం నిశ్చయం.

వివాహం జరిపించడంతో బాధ్యత తీరలేదు. వెలి పడిన కొత్త దంపతులకు ఇల్లు అద్దెకిచ్చేవారుండరు. వారిని తమ ఇంటనే ఉంచుకుని, ఉద్యోగాలు చూపి, సంసారాలు నిలబెట్టవలసి వచ్చేది. ధనసహాయం ఆశించి మాత్రమే పెండ్లికి ఒప్పుకున్న వరులూ కొందరు లేకపోలేదు. ఆ చేదు అనుభవాలను ఆయన తన స్వీయచరిత్రములో దాచలేదు. అయినా ప్రయత్నం విరమించలేదు. తన జీవితకాలంలో దాదాపు 40 వితంతు వివాహాలు జరిపించారు. లక్షలాది బాలవితంతువులున్న దేశంలో ఈ సంఖ్య చిన్నదే. కాని అసాధ్యమని అందరూ అనుకున్నది సాధ్యమేనని ఆ 40 కుటుంబాలు ఋజువు చేశాయి.

వివాహం ఇష్టంలేని వితంతువుల మాటేమిటి? వారికి చదువు, వృత్తి, గౌరవప్రదమైన ఆశ్రయం కావాలని ఆ దంపతులు భావించారు. ఇంటికి వచ్చిన బాలికలకు రాజ్యలక్ష్మమ్మ తల్లి అయ్యారు. ఆ దంపతులకు సంతానం లేదు. ఆశ్రయం పొందిన ఆడపిల్లలే వారి బిడ్డలయ్యారు. స్త్రీల కోసం వీరేశలింగం 1883లో సతీహితబోధిని అనే పత్రికను వెలువరించారు. సత్యవతీ చరిత్రము వంటి పుస్తకాలను వారి కోసమే వ్రాశారు. 1884లో రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో బాలికల పాఠశాల స్థాపించారు. తన పాఠశాలల్లో అంటరానివారుగా దూరం పెట్టబడిన కులాల పిల్లలను చేర్చుకుని, ఇతర పిల్లలతో కలిపి కూర్చోబెట్టారు. వారికి పలక, బలపం, పుస్తకాలు తానే కొనిచ్చేవారు.

మనుషులు కలుసుకుని స్వేచ్ఛగా మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉండాలని ఆయనకు తోచింది. సభకు స్థలం దొరకక ఇబ్బందిపడిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. 1887లో బ్రహ్మసమాజ మందిరం, 1890లో పురమందిరం రాజమహేంద్రవరంలో వెలిశాయి. టౌన్‌హాలుగా పేరు పొందిన ఈ పురమందిరం కోసం ఆయన తన సొమ్ము వెచ్చించారు. సంపన్నులు తమ కోసం మేడలు కట్టుకుంటున్న కాలంలో ఒక తెలుగు పండితుడు ఊరందరి కోసం భవనం కట్టించడం గమనించదగిన విషయం. 1893లో ప్రభుత్వం ఆయనకు రావుబహద్దూరు బిరుదు ఇచ్చింది. కొంతకాలం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి, మళ్లీ స్వస్థలానికి చేరుకున్నారు. 1905లో రాజమహేంద్రవరంలో వితంతు శరణాలయం ఏర్పడింది. ఊరి వెలుపలి ఆనందోద్యానం ఆయన కార్యక్రమాలకు కేంద్రమైంది.

1906లో ఆయన హితకారిణీ సమాజాన్ని స్థాపించారు. తాను సంపాదించిన ఆస్తిని, గ్రంథాల హక్కులతో సహా, ఆ సమాజానికే అప్పగించారు. పిల్లలు లేనివారు గనుక ఇచ్చివేశారని కొందరనవచ్చు. కాని దత్తత తీసుకుని వంశం నిలుపుకోవడం ఆనాటి సామాన్యాచారం. ఆ దారి ఆయన ఎంచుకోలేదు. తన పేరు మోసే వారసుడికంటే తన పని మోసే సంస్థ ముఖ్యమని తలచారు. అదే ఏడు యజ్ఞోపవీతాన్ని కూడా విసర్జించారు. కులభేదాలు వద్దని బోధించేవాడు కులచిహ్నాన్ని ధరించడం తగదని ఆయన నిశ్చయించుకున్నారు. దయ్యాలు లేవని చెప్పడానికి శ్మశానానికి నడిచిన యువకుడి స్వభావం ఆరుపదుల వయస్సుకు చేరువైనా మారలేదు.

1910లో రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. దాదాపు అర్ధశతాబ్ది పాటు తోడుగా నడిచిన ఇల్లాలు దూరమైన లోటు పంతులుగారిని కుంగదీసింది. తన కార్యాలలో ఆమె పాలు ఎంతటిదో ఆయన స్వీయచరిత్రములో కృతజ్ఞతతో తెలిపారు. ఆ గ్రంథంలో మొదటి భాగం 1911లో, రెండవ భాగం 1915లో వెలువడ్డాయి. తెలుగులో స్వీయచరిత్ర రచనకు అది మార్గదర్శకం. క్షీణిస్తున్న ఆరోగ్యంతోనే తన గ్రంథాలను సవరిస్తూ, కొత్తవి వ్రాస్తూ గడిపి, 1919 మే 27వ తేదీన మద్రాసులో 71వ ఏట దివంగతులయ్యారు. రాజమహేంద్రవరంలోని ఆనందోద్యానంలో ఆ దంపతుల సమాధులు నేటికీ ఉన్నాయి.

ఆ తరువాతి కాలం ఆయనను సముచితంగానే గౌరవించింది. 1974లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. విశాఖ సాగరతీరం మొదలు అనేక నగరాల్లో ఆయన విగ్రహాలున్నాయి. ఇవన్నీ ఆనందించదగినవే. అయినా విగ్రహానికి దండ వేయడం ఎంత తేలికో, ఆయన చేసిన పని అంత కష్టం. ఆనాడు ఆ ఇంట భోజనం చేయడానికి ఎందరో వెనుకాడారు. నేడు ఆ గుమ్మం ముందు నిలిచి చూసేవారిలో ఆనాడు లోపలికి అడుగుపెట్టగలిగేవారు ఎందరన్న ప్రశ్న ప్రతి ఒక్కరూ వేసుకోదగినది.

బాలవితంతువు అన్న మాట నేటి విద్యార్థులకు చాలామందికి నిఘంటువులో మాత్రమే కనిపిస్తుంది. అందుకు కారణమైనవారిలో ఆ ఇంటివారు ముఖ్యులు. అయితే ఆచారం పేరిట, కులం పేరిట, పరువు పేరిట మనుషులను గుమ్మం బయట నిలబెట్టే అలవాటు పూర్తిగా పోలేదు. బాల్యవివాహాల వార్తలు నేటికీ అక్కడక్కడ వినవస్తున్నాయి. చదువు మధ్యలో ఆగిపోయే ఆడపిల్లలు నేటికీ ఉన్నారు. కనుక వీరేశలింగం చరిత్ర ముగిసిన కథ అనుకోరాదు.

గోదావరి తీరంలో ఎన్నో లోగిళ్లు కాలగర్భంలో కలిశాయి. వారసులు పంచుకోగా కొన్ని ముక్కలయ్యాయి. వరదలకు, చెదలకు కొన్ని నేలకూలాయి. కొత్త భవనాల కోసం కొన్నిటిని పడగొట్టారు. వాటి యజమానుల పేర్లు కూడా నేడు ఎవరికీ గుర్తు లేవు. కందుకూరి వారి ఇల్లు మాత్రం నిలిచింది. ఊరంతా తలుపులు మూసుకున్న రాత్రి ఒక బాలవితంతువు కోసం ఆ ఇంటి తలుపు తెరచుకుంది. దానికి మూల్యంగా ఆ ఇంటి ఇల్లాలు గోదావరి నుండి నీళ్లు మోసింది. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు విద్యార్థులు ఆ ఇంటిని తప్పక చూడాలి. గోడలు, దూలాలు చూసిన తరువాత, ఆ ద్వారబంధం దగ్గర ఒక్క క్షణం నిలిచి, ఆ గడప దాటి లోపలికి నడిచిన గౌరమ్మను తలచుకోవాలి.